నాన్నమ్మ చెంబులోని వెండి రూపాయలు: విజయనగరంలో అమ్మాలనుకుంటున్నాను, సలహా చెప్పండి

మల్లెపందిరి (విజయనగరం), ఆదివారం రాత్రి 9.10

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదివి వెళ్లిపోవడమే తప్ప రాయడం ఇదే మొదటిసారి.

మా నాన్నమ్మ పోయి ఏడాది దాటింది. మొన్న చీపురుపల్లి దగ్గర ఊళ్లో ఆవిడ ఇల్లు ఖాళీ చేస్తుంటే బియ్యం డబ్బా వెనకాల ఇత్తడి చెంబు ఒకటి కనబడింది. మూతికి పాత చీర ముక్క చుట్టి, పురికొసతో కట్టి ఉంది. విప్పితే నాణేలు. రాత్రంతా కూర్చుని లెక్క రాశాను.

విక్టోరియా రాణి బొమ్మతో 1862 నాటి రూపాయలు నాలుగు. అదే రాణివి, 1877 తర్వాతివి ఆరు. బట్టతల రాజువి, అంటే ఏడో ఎడ్వర్డువి, తొమ్మిది. కిరీటం రాజువి, అంటే అయిదో జార్జివి, పద్నాలుగు. వాటిలో ఒకటి 1911. ఆరో జార్జివి 1942 నుంచి 1945 దాకా ఎనిమిది, 1939 ఒకటి, పులి బొమ్మతో 1947వి రెండు. నెమలి పురి విప్పిన బిళ్ల ఒకటి ఉంది, దాని మీద రాత ఏ భాషో తెలియలేదు. ఇవి కాక చిల్లు కాణీలు గుప్పెడు, అంచు వంకీలు తిరిగిన అణాలు కొన్ని. ఒక రాగి నాణెం మీద 48 అనే అంకె ఉంది. సీతారాముల బొమ్మతో 1818 అని ఒకటి. అడుగున మడత పెట్టిన నోట్లు, జపాను ప్రభుత్వం పేరుతో. బట్టతల రాజువి, అయిదో జార్జివి కలిపి ఎనిమిదింటికి కొక్కేలు అతికించి ఉన్నాయి, ఒకప్పుడు గొలుసుకు గుచ్చినట్టున్నారు.

నిన్న బజారులో పాత నాణేలు కొంటామని బోర్డు పెట్టిన ఒక దుకాణానికి పట్టుకెళ్లాను. ఆయన ఒక్కదాన్నీ తిప్పి చూడలేదు. తెల్లగా ఉన్న 45 బిళ్లలూ తక్కెడలో పోశాడు. సుమారు 525 గ్రాములు వచ్చింది. "పాత రూపాయిలో సగమే వెండి అమ్మా, మిగతాది రాగి" అని చెప్పి ఆ రోజు వెండి ధరలో సగం కట్టాడు. రాగివి తనకు ఊరికే ఇచ్చేయమన్నాడు. ఆలోచించుకుని వస్తానని తెచ్చేసుకున్నాను.

అమెరికాలో ఉన్న అన్నయ్య వచ్చే నెల వస్తున్నాడు. అక్కడైతే మంచి ధర వస్తుంది, తనే తీసుకుపోతానంటున్నాడు. ఏం చేయమంటారు?


రాజాం మేష్టారు (రాజాం), ఆదివారం రాత్రి 10.25

అమ్మా, తెచ్చేసుకుని మంచి పని చేశారు. "సగమే వెండి" అన్న మాట సగమే నిజం. ఏ సగమో చెబుతాను.

1835 నుంచి 1939 దాకా వేసిన రూపాయి ఒక తులం, అంటే 11.66 గ్రాములు. అందులో నూటికి 91.7 పాళ్లు వెండి. ఒక్కో రూపాయిలో 10.69 గ్రాముల శుద్ధ వెండి. 1940లో యుద్ధం వల్ల వెండి కరువై దాన్ని సగానికి దించారు, అది 1945 దాకా సాగింది. వాటిలో 5.83 గ్రాములు. 1947 రూపాయల్లో వెండి అసలు లేదు, అచ్చంగా నికెల్. ఇంట్లో అయస్కాంతం ఉంటే మీ పులి రూపాయలకు చూపించండి, అంటుకుంటాయి.

ఇప్పుడు లెక్క. రాణివి, బట్టతల రాజువి, అయిదో జార్జివి కలిపి 33. వాటిలో 352 గ్రాముల పైచిలుకు వెండి. 1942-45వి ఎనిమిదింటిలో 46. మొత్తం సుమారు 400 గ్రాములు. చేతులు మారి అరిగినందుకు పదో పదిహేనో గ్రాములు తీసేయండి. మీ దుకాణదారుడు కట్టింది 262 గ్రాములకు. 1939నీ నెమలి బిళ్లనూ నేను ఈ లెక్కలో కలపలేదు.

ఇది కేవలం కరిగిస్తే వచ్చే విలువ. నాణెంగా దాని విలువ వేరే సంగతి.


తూనికరాయి (శ్రీకాకుళం), ఆదివారం రాత్రి 11.02

ఏడు రోడ్ల కూడలికి దగ్గరలో ఇరవై ఏళ్లుగా ఇదే వ్యాపారం చేస్తున్నాను, కాబట్టి నన్ను తిట్టదలచుకున్నవాళ్లు ఇప్పుడే తిట్టేయండి.

మేష్టారి లెక్క తప్పు కాదు. కానీ ఆ 400 గ్రాములకు పూర్తి ధర ఎవరూ చేతిలో పెట్టరు. కరిగించడానికి కూలి ఉంది, తరుగు ఉంది, రేపు ధర పడితే నష్టం నాది. మామూలు రాణి రూపాయి, రాజు రూపాయి వస్తే నేను వెండి ధరకు నూటికి అయిదో ఎనిమిదో తగ్గించి ఇస్తాను, శుభ్రంగా ఉంటే పూర్తి ధర ఇస్తాను. సేకరించేవాడికి కాస్త పైన అమ్ముకుంటాను. అన్నీ ఒకే తక్కెడలో పోసి సగం కట్టడం మాత్రం వ్యాపారం కాదు. అలా చేసినవాడికి నాణేలు తెలియకనైనా ఉండాలి, మీకు తెలియదని తెలిసైనా ఉండాలి.

ఒక్క మాట. 1939 రూపాయి ఉందన్నారు. దాన్ని విడిగా తూచి ఎంతుందో రాయండి. ఫొటో అవసరం లేదు, బరువు చాలు.


నాగావళి గట్టు (శ్రీకాకుళం), సోమవారం ఉదయం 6.40

పొద్దున్నే చూసి నిద్ర వదిలిపోయింది. మల్లెపందిరి గారూ, దయచేసి వాటిని తోమవద్దు. చింతపండు వద్దు, బూడిద వద్దు, ఇత్తడి తోమే పొడి అసలే వద్దు. నల్లబడ్డ పొర ఆ నాణెం వయసు. దాన్ని గీకేస్తే సేకరించేవాడి కంటికి చర్మం ఒలిచినట్టు ఉంటుంది, ధర వెండి బరువుకు పడిపోతుంది.

1862వి నాలుగూ పక్కన పెట్టండి. ఆ సంవత్సరం అంకెనే మార్చకుండా 1874 దాకా అచ్చు వేశారు, నిజంగా ఏ ఏట వేశారో చెప్పడానికి వెనకవైపు సంవత్సరం దగ్గర చిన్న చుక్కలు పెట్టారు. భూతద్దంతో చుక్కలు లెక్కపెట్టండి. చుక్కలను బట్టి ధర మారుతుంది.

1911 రూపాయి కథ సరదాగా ఉంటుంది. రాజు వస్త్రం మీద ఏనుగు బొమ్మ వేశారు, తొండం పొట్టిగా వచ్చి చూసేవాళ్లకు పందిలా కనబడింది. జనం అభ్యంతరం చెప్పడంతో చాలా వాటిని వెనక్కి తీసుకుని కరిగించారు, మరుసటి ఏడాది నుంచి తొండం సరిచేశారు. లక్షలు పలికే నాణెం కాదు కానీ మామూలు జార్జి రూపాయి కంటే బాగా ఎక్కువే పలుకుతుంది. మీ దుకాణదారుడు దాన్ని కూడా తక్కెడలో పోశాడు!

అయిదో జార్జి రూపాయల్లో వెనకవైపు అడుగున ఉన్న తామరపువ్వు కింద బుల్లి చుక్క ఉంటే బొంబాయిలో వేసింది, లేకపోతే కలకత్తాలో. ఫొటోలు పెట్టండి, పగటి వెలుతురులో, రెండు వైపులా.


మల్లెపందిరి, సోమవారం రాత్రి 8.15

ఫొటోలు పెట్టాను. అవి తళతళలాడుతున్నాయి కదా, నేను తోమలేదండి, ఒట్టు. మా అత్తకు, అంటే నాన్న చెల్లెలికి, ఫోను చేస్తే తెలిసింది. ప్రతి దీపావళికి లక్ష్మీపూజలో పెట్టేముందు నాన్నమ్మ ఆ రూపాయలను అత్త చేత చింతపండుతో తోమించేదట. పదేళ్ల వయసు నుంచి పెళ్లయ్యేదాకా తోమింది. "నా చేతులు చూసుకో, నీ రూపాయలు చూసుకో, ఏది ఎక్కువ అరిగిందో" అంది.

1939 బరువు 10.4 గ్రాములు. మూడుసార్లు తూచాను.


నాగావళి గట్టు, సోమవారం రాత్రి 8.31

అయ్యో. అయ్యయ్యో. రాణి జుట్టు పాయలు ఒక్కటీ మిగలలేదు.

సరే, జరిగింది జరిగింది. 1862ల్లో రెండు నల్లగానే ఉన్నాయి, వాటిని ఆవిడ ఎలా వదిలేసిందో!


తూనికరాయి, సోమవారం రాత్రి 9.00

అనుకున్నాను. ఆ 1939 దొంగ నాణెం.

ఆ ఏటి రూపాయి చాలా అరుదు, అందుకే దొంగ అచ్చులు ఊరూరా ఉన్నాయి. నా కొట్టుకు ఏడాదికి పది వస్తాయి, పదీ దొంగవే. పట్టుకోవడం కష్టం కాదు. అసలు రూపాయి అరిగినా 11.5 చుట్టూ తూగుతుంది, మీది గ్రాముకు పైగా తక్కువ. ఫొటోలో అంచు మీద సన్నని గీత కనబడుతోంది, అది అచ్చులో పోత పోసిన అతుకు. టంకశాలలో నాణేన్ని పోత పోయరు, అచ్చుతో కొడతారు. అంకెలు చూడండి, లావుగా, మొద్దుగా, ఉడికిన అన్నంలా ఉన్నాయి.

మీ నాన్నమ్మ మోసపోయిందని బాధపడకండి. ఎవరో రూపాయి పేరుతో చెల్లించి ఉంటారు.


కొబ్బరితోట (కవిటి), మంగళవారం ఉదయం 7.50

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. దొంగ మాట వచ్చింది కాబట్టి నా ఏడుపు కూడా చెప్పుకుంటాను. పోయిన ఏడాది ఫోనులో ఒక ప్రకటన చూశాను, వైష్ణోదేవి బొమ్మ ఉన్న అయిదు రూపాయల బిళ్లకు పది లక్షలు ఇస్తామని. నా దగ్గర రెండున్నాయి. ఫోను చేస్తే చాలా మర్యాదగా మాట్లాడారు. ముందు నమోదు రుసుము 1,500 అన్నారు. తర్వాత పన్ను 5,000. ఆ తర్వాత రిజర్వు బ్యాంకు ముద్ర ఉన్న కాగితం పంపి ఇంకో 18,000 అడిగారు. అక్కడ మా ఆవిడ ఫోను లాక్కుంది. 6,500 పోయాయి. ఆ బిళ్లలు రెండూ ఇంకా ఉన్నాయి, టీ తాగడానికి కూడా ఖర్చు పెట్టబుద్ధి కావడం లేదు.


వేదిక నిర్వాహకుడు, మంగళవారం ఉదయం 9.05

కొబ్బరితోట గారు ధైర్యంగా రాసినందుకు సంతోషం. రిజర్వు బ్యాంకు పాత నాణేలను, నోట్లను ఇలా కొనదు, అమ్మదు, ఎవరి దగ్గరా రుసుము తీసుకోదు. తన పేరు, ముద్ర వాడి మోసం చేస్తున్నారని 2021 ఆగస్టులో ఆ బ్యాంకే హెచ్చరించింది.

ఇంకో సంగతి. 1818 సీతారాముల బిళ్ల గురించి నిన్న రాత్రి ఒక సభ్యుడు "అది బియ్యాన్ని లాగుతుందా, లాగితే కోటి ఇస్తాం" అని రాశాడు. ఆ సందేశం తీసేశాను, ఆ సభ్యుడినీ తీసేశాను. బియ్యాన్ని లాక్కునే మహిమ గల రాగి అని నమ్మించే మోసంలో మన జిల్లాల్లో పొలాలు అమ్ముకున్నవాళ్లు ఉన్నారు. ఈస్టిండియా కంపెనీ రాముడి బొమ్మతో నాణేలు వేయలేదు. అవి పూజకు, తీర్థాల్లో అమ్మకానికి తర్వాతెప్పుడో చేసిన బిళ్లలు. దేవుడి గదిలో పెట్టుకుంటే ఏ చిక్కూ లేదు.


పొందూరు పడుగు (పొందూరు), మంగళవారం మధ్యాహ్నం 1.20

కోర్టులో గుమస్తాగా ముప్పై ఏళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకున్నాను. వకీలును కాను. అయినా ఇక్కడ ఎవరూ అడగని ప్రశ్న ఒకటి అడుగుతాను. మల్లెపందిరి గారూ, ఈ చెంబు ఎవరిది?

నాన్నమ్మగారిది. ఆవిడ వీలునామా రాశారా? రాయకపోతే హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆవిడ సొంత ఆస్తి కొడుకులకు, కూతుళ్లకు సమానంగా వస్తుంది. కొడుకు ముందే పోయి ఉంటే ఆయన వాటా ఆయన పిల్లలకు. మీ తాతగారు, నాన్నగారు లేరనుకుంటే, మీకూ మీ అన్నయ్యకూ కలిపి ఒక వాటా, మీ అత్తగారికి ఒక వాటా. ఆవిడ తోమిన రూపాయల్లో సగం ఆవిడవే. అమ్మేముందు ఆవిడ ఒప్పుకున్నట్టు తెల్లకాగితం మీద సంతకం ఉంటే రేపు దీపావళికి మాటలు రావు.

మీ అన్నయ్యకు కూడా ఒక మాట చెప్పండి. వందేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు. దాన్ని దేశం దాటించడానికి కేంద్ర ప్రభుత్వానికి, లేదా అది అధికారం ఇచ్చిన సంస్థకు తప్ప ఎవరికీ హక్కు లేదు. పెట్టెలో సాక్సుల్లో చుట్టి తీసుకుపోదామనుకుంటే విమానాశ్రయంలో పట్టుబడతాడు. ఇక్కడ, మన దేశంలో, సొంత వస్తువు అమ్ముకోవడానికి అడ్డు లేదు. ఇలాంటివి కొని అమ్మడమే వృత్తిగా పెట్టుకున్న వ్యాపారికి మాత్రం లైసెన్సు ఉండాలి.

డబ్బా వెనక దొరికింది కాబట్టి సరిపోయింది. అదే నేలలోనో గోడలోనో దొరికి ఉంటే 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం వస్తుంది. పది రూపాయల విలువ మించితే కలెక్టరుకు తెలియజేయాలి. పది రూపాయలన్నది అప్పటి లెక్క, ఇంతవరకు మార్చలేదు.


మల్లెపందిరి, మంగళవారం రాత్రి 10.10

పడుగు గారూ, మీ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. వీలునామా లేదు. తాతయ్య, నాన్న లేరు. అత్తకు వాటా ఉంటుందన్న ఆలోచన నాకు తట్టనే లేదు, తట్టకపోవడం మీదే సిగ్గుగా ఉంది. ఆవిడకు నిన్న ఫోను చేసి నాణేలు ఎలా తోమేవాళ్లో అడిగాను, అమ్మబోతున్నానని మాత్రం చెప్పలేదు.

ఆదివారం అత్త ఊరు పాలకొండ వెళ్తున్నాను, చెంబుతో సహా.


రంగూను మనవడు (సోంపేట), బుధవారం రాత్రి 7.30

నా పేరు చూస్తేనే తెలుస్తుంది, నెమలి బిళ్ల కోసమే వచ్చాను. అది బర్మా రాజు మిండాన్ వేయించిన వెండి నాణెం. దాని మీద బర్మా శకం 1214 అని ఉంటుంది, అంటే మన లెక్కలో 1852. బరువు మన రూపాయికి సరిసమానంగా ఉంటుంది, కాబట్టి పాత రూపాయల్లో కలిసిపోయేది. జపాను నోట్లు కూడా అక్కడివే. 1942లో బర్మాను ఆక్రమించుకున్నాక వాళ్లు రూపాయల్లోనే నోట్లు వేశారు. వాటి మీద అక్షరాలు ఇంగ్లీషు "బి"తో మొదలవుతాయా చూడండి. అయితే బర్మా కోసం వేసినవే. లెక్కలేనన్ని అచ్చేశారు కాబట్టి ఇప్పుడు వాటికి పెద్దగా ధర లేదు.

మీ ఇంట్లో ఎవరో రంగూను వెళ్లి ఉండాలి. మన వైపు నుంచి ఓడ ఎక్కని ఇల్లు తక్కువ. రేవుల్లో, బియ్యం మిల్లుల్లో కూలీలుగా వెళ్లారు. మా ముత్తాత 1942లో అడవుల్లోంచి నడిచి వచ్చినవాళ్లలో ఒకడు. చేతిలో ఏమీ తేలేదు. మీ వాళ్లు నెమలి తెచ్చుకున్నారు, అదృష్టవంతులు. కానీ మండిపడకండి, ఒక సందేహం: జపాను నోట్లు ఆక్రమణ తర్వాతివి కదా, నడిచి వచ్చినవాళ్లు తెచ్చి ఉండరు. యుద్ధమయ్యాక తిరిగొచ్చినవాళ్లెవరైనా ఉన్నారా?


మల్లెపందిరి, బుధవారం రాత్రి 9.45

మండిపడటం ఎందుకండి. తాతయ్య అన్నగారు అక్కడే ఉండిపోయి యుద్ధం తర్వాత వచ్చారని నాన్న చెప్పేవారు. ఆయనకు పిల్లలు లేరు. మిగతాది అత్తను అడుగుతాను.


నాగావళి గట్టు, గురువారం ఉదయం 6.15

48 అంకె ఉన్న రాగి నాణెం గురించి ఎవరూ పట్టించుకోలేదేం? చెంబు మొత్తంలో నాకు నోరూరించింది అదే.

ఫొటోలో 1794 కనబడుతోంది. ఆ ఇంగ్లీషు రాతకు అర్థం నలభై ఎనిమిది కలిస్తే ఒక రూపాయి అని. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ దగ్గర సోహో అనే చోట మాథ్యూ బౌల్టన్ ఆవిరి యంత్రాలతో నాణేలు కొట్టేవాడు. కంపెనీవాళ్లు మన ఉత్తర సర్కారుల కోసం ఈ నాణేన్ని అక్కడ చేయించి ఓడల్లో తెచ్చారు. అంటే చికాకోలు (ఇప్పటి శ్రీకాకుళం), విజయనగరం సంతల్లో చెల్లడానికి బర్మింగ్‌హామ్‌లో పుట్టిన రాగి. ఇలాంటి రాగి నాణేన్ని ఇంగ్లీషువాళ్లు "డబ్" అని రాసుకున్నారు. అది మన డబ్బే.

అరిగిపోయిన వాటికి వందల్లోనే ధర, ఆశపడకండి. కానీ రెండు వందల ఏళ్ల కిందట మన ఊళ్లోనే ఎవరో దాంతో ఉప్పు కొనుక్కుని ఉంటారు. దాన్ని ఊరికే ఇచ్చేయమన్నాడట ఆ పెద్దమనిషి!

అణాలను కూడా తిప్పి చూడండి. అణా విలువ నాలుగు లిపుల్లో ఉంటుంది, అందులో ఒకటి మనది, "ఒక అణా" అని. మా మనవడికి చూపిస్తే "మన అక్షరాలు వాళ్లకెలా తెలుసు" అన్నాడు.


రాజాం మేష్టారు, గురువారం ఉదయం 10.40

తూనికరాయి గారిని ఒక మాట అడగాలని ఉంది. మీ వృత్తిమీద గౌరవంతోనే. ఒక ఇల్లాలు చెంబు తెస్తుంది, అందులో 1911 రూపాయి ఉందని ఆమెకు తెలియదు, మీకు తెలుసు. మీరు చెబుతారా?


తూనికరాయి, గురువారం మధ్యాహ్నం 3.15

మేష్టారూ, బరిలోకి దింపారు. నిజమే చెబుతాను.

మొదటి అయిదేళ్లు చెప్పలేదు. ఆమె అడిగిన ధర ఇచ్చాను, నవ్వుతూ వెళ్లింది, నేనూ నవ్వుకున్నాను. తర్వాత ఒకావిడ విషయంలో దెబ్బ తిన్నాను. రాణి రూపాయి ఒకటి కొని పదింతలకు అమ్మాను, అది ఆమె తమ్ముడికి తెలిసింది. కొట్టు ముందు నిలబడి ఏమీ అనలేదు, తిట్టలేదు. మా వీధిలో ప్రతివాడికీ చెప్పాడు, అంతే. రెండేళ్లు ఆ ఊరి నుంచి ఒక్క నాణెం రాలేదు. ఇప్పుడు చెబుతున్నాను. పుణ్యం కోసం కాదు, రేపు వాళ్ల పక్కింటావిడ కూడా చెంబు తీసుకుని నా దగ్గరికే రావాలని.

అలాగని చెప్పిన ధర అంతా ఇవ్వను. అరుదైనది అయితే నేను అమ్మగలిగే ధరలో సగం నుంచి మూడింట రెండు వంతుల దాకా ఇస్తాను. కొనేవాడు రేపు రావచ్చు, ఆరేళ్లకు రావచ్చు. అది మీకు దోపిడీలా కనబడితే ముంబయిలోనో బెంగళూరులోనో వేలం సంస్థకు పంపుకోండి. వాళ్లు కమిషను తీసుకుంటారు, మూడు నాలుగు నెలలు ఆగాలి, నాణెం మంచిదైతే ఆగినందుకు ఫలితం ఉంటుంది. మామూలు రూపాయిని వేలానికి పంపితే తపాలా ఖర్చు కూడా రాదు.

మల్లెపందిరి గారూ, మీకు చెప్పేది ఒకటే. మూడు కుప్పలు చేయండి. కొక్కేలు అతికించినవి, బాగా అరిగినవి ఒక కుప్ప. అవి వెండి, అంతే, కంసాలికి అమ్మినా తేడా లేదు. మీ ముందే టంచు, అంటే వెండి ఎంత స్వచ్ఛమో, చూపించమనండి. మామూలువి, శుభ్రమైనవి రెండో కుప్ప, నాణేల వ్యాపారికి. మూడోది 1911, నల్లబడ్డ 1862లు రెండు, నెమలి, 48. అది ఒకే రోజు అమ్మొద్దు. జాబితా రెండు ప్రతులు రాసుకుని, ఒక్కోదాని పక్కన ధర రాయమని రెండు కొట్లలో అడగండి. రాయను, మొత్తానికే చెబుతాను అన్నవాడి దగ్గర కూర్చోవద్దు. బిల్లు తీసుకోండి. మొత్తం రెండు లక్షలకు చేరితే నగదుగా తీసుకోవద్దు, చట్టం ఒప్పుకోదు, బ్యాంకు ద్వారా వేయించుకోండి.


సంపెంగ (బొబ్బిలి), గురువారం సాయంత్రం 5.50

మా అమ్మ కాసులపేరులో కాసుల గురించి ఇక్కడే అడగవచ్చా? రాణి బొమ్మ ఉంది, పసుపుగా ఉంది.


తూనికరాయి, గురువారం సాయంత్రం 6.05

అసలు సవరను (ఇంగ్లీషువాళ్ల బంగారు నాణెం) అయితే 7.98 గ్రాములు, ఇరవై రెండు కారట్లు. కాసులపేర్లలో ఎక్కువ భాగం కంసాలి రాణి ముద్ర కొట్టి చేసిన పల్చటి బిళ్లలు. గొలుసు నుంచి విడదీయకుండా తెలియదు, విడదీయించకండి. దీనికి వేరే చర్చ మొదలుపెట్టండి.


మల్లెపందిరి, మూడు వారాల తర్వాత, శనివారం రాత్రి 9.30

ఆలస్యానికి మన్నించాలి. ఏం జరిగిందో చెప్పాలి కదా.

పాలకొండలో అత్త చెంబును చూడగానే నాణేలను ముట్టుకోలేదు, మూతికి కట్టిన చీర ముక్క తీసుకుంది. అది నాన్నమ్మ నూరు వరహాల పువ్వు రంగు చీరట. తర్వాత కొక్కేల రూపాయలు ఎనిమిదీ బల్ల మీద వరుసగా పెట్టింది. వాటి హారం తన పెళ్లికి చేయించారట. మా నాన్న కాలేజీ ఫీజు కోసం నాన్నమ్మ దాన్ని తాకట్టు పెట్టి, విడిపించి, మళ్లీ గుచ్చకుండా చెంబులో వేసేసిందట. "అడిగితే తెగిపోయింది అంది" అని అత్త నవ్వింది. అవి ఆవిడకే ఇచ్చేశాను. ఆవిడ వాటాలో లెక్కవేయలేదు. అన్నయ్య ముందు ఏదో గొణిగాడు, పడుగు గారు రాసినదంతా చదివి వినిపించాను, ఊరుకున్నాడు. తీసుకుపోతానన్న మాట మళ్లీ ఎత్తలేదు.

మిగిలిన వాటిలో అరిగినవి, తోమినవి, 1942-45వి కలిపి 30 రూపాయలు అమ్మాం. విజయనగరంలో రెండు కొట్లు, శ్రీకాకుళంలో ఒకటి తిరిగాం. మొదటి దుకాణానికి కూడా వెళ్లాను, జాబితాతో. ఆయన జాబితా చూసి "అమ్మా, ఈసారి మీరు చదువుకుని వచ్చారు" అన్నాడు. ఒక్కోదానికీ ధర రాశాడు! వెండి ధరకు నూటికి పది తగ్గించి. ఇంకో కొట్టు ఆరు తగ్గించింది, అక్కడే ఇచ్చాం. బిల్లు తీసుకున్నాను, డబ్బు బ్యాంకులో పడింది, మూడు రోజుల్లో సగం అత్త ఖాతాకు పంపాను.

1911 రూపాయికి ఇద్దరు వేర్వేరు ధరలు చెప్పారు, ఒకటి రెండోదానికి రెట్టింపు. అమ్మలేదు. నల్లబడ్డ 1862లు రెండూ కాగితం పొట్లాల్లో ఉన్నాయి. చుక్కలు లెక్కపెట్టాను, ఒకదానికి రెండు, ఒకదానికి అయిదు. గట్టు గారూ, మీకు సందేశం పంపాను. నెమలి అత్త దగ్గర ఉంది. రంగూను పెదతాత దాన్ని పంచె కొంగున కట్టుకుని వచ్చాడని ఆవిడకు ఎవరో చెప్పారట. 48 నాణెం నేను ఉంచుకున్నాను. చిల్లు కాణీలు మా అబ్బాయి తాడుకు గుచ్చి మెడలో వేసుకుని తిరుగుతున్నాడు.

దొంగ 1939ని ఏం చేయాలో తెలియడం లేదు.


తూనికరాయి, శనివారం రాత్రి 10.05

నాకు అమ్మండి, వెండి ఎంతుందో అంతకు. కొట్లో గాజు కింద పెట్టి, 1939 తెచ్చినవాళ్లందరికీ చూపిస్తాను.


నాగావళి గట్టు, శనివారం రాత్రి 10.12

అయిదు చుక్కలదాని వెనకవైపు మళ్లీ ఒక ఫొటో పంపండి. దీపం పక్క నుంచి వేసి తీయండి. నాకు నిద్ర పట్టదు.


మల్లెపందిరి, ఆదివారం ఉదయం 8.20

పంపాను. ఇంకో కబురు. అత్త నిన్న ఫోను చేసి, దీపావళి వస్తోంది కదా, నెమలిని చింతపండుతో తోమవచ్చా అని అడిగింది.


రంగూను మనవడు, ఆదివారం ఉదయం 8.21

వద్దని చెప్పండి! ఇప్పుడే చెప్పండి!


చెరువుగట్టు (టెక్కలి), ఆదివారం సాయంత్రం 4.00

కొత్త సభ్యుడిని. మా మామయ్య ఇంట్లో 1939 రూపాయి ఉంది, అసలైనదేనట, ఒకాయన లక్ష ఇస్తానన్నాడట. ఎవరికి అమ్మితే మంచిది?


తూనికరాయి, ఆదివారం సాయంత్రం 4.03

ముందు తూచండి.